కుర్తీలు నావి, ఖాతా మా ఆయనది: ఇన్‌కం ట్యాక్స్ ఎవరి పేరున?

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాం. ఆవిడ వయసు 34. బీకాం చదివారు, ఇద్దరు పిల్లలు, అత్తమామలతో కలిసి ఉంటారు. భర్త ప్రైవేటు ఉద్యోగి, జీతం ఏడాదికి 11 లక్షలు. 2023 జూన్‌లో గాజులు తాకట్టు పెట్టి తెచ్చిన 80 వేలు, భర్త చేబదులుగా ఇచ్చిన 50 వేలు కలిపి ఇంట్లోనే కుర్తీల వ్యాపారం మొదలుపెట్టారు. ఆ 50 వేలు ఎనిమిది నెలల్లో తిరిగి ఇచ్చేశారు. విజయవాడ వస్త్రలతకు వెళ్లి హోల్‌సేల్‌లో సరుకు తెస్తారు, 450 నుంచి 900 రూపాయల లోపు రకాలు. కొంత ఒక ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో, కొంత వాట్సాప్ గ్రూపుల్లో అమ్ముతారు.

మార్కెట్‌ప్లేస్ అడిగితే తన పాన్ మీదే జీఎస్టీ నంబరు తీసుకున్నారు, అక్కడి డబ్బు తన ఖాతాకే వస్తుంది. వాట్సాప్ డబ్బు మాత్రం మొదటి నుంచీ భర్త ఫోన్ నంబరుకే. 2023-24లో మార్కెట్‌ప్లేస్‌లో 14 లక్షలు, వాట్సాప్‌లో 8 లక్షలు అమ్మారు. 2024-25లో 24 లక్షలు, 14 లక్షలు. నోటు పుస్తకంలో రాసుకున్న లెక్క ప్రకారం ఖర్చులన్నీ పోను మొదటి ఏడాది 2 లక్షల 40 వేలు, రెండో ఏడాది 4 లక్షల 60 వేలు మిగిలాయి. ఇప్పటివరకు ఒక్క ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్ కూడా వేయలేదు. జీఎస్టీ రిటర్న్‌లు ఒక ఆన్‌లైన్ సెంటర్ అబ్బాయి వేస్తాడు, అందులో మార్కెట్‌ప్లేస్ అమ్మకాలే చూపించాడు.

నవంబరులో ఆదాయపు పన్ను శాఖ నుంచి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మీ పాన్ మీద లావాదేవీలు ఉన్నాయి, రిటర్న్ దాఖలు కాలేదు అని. అప్పటి నుంచి ఇంట్లో తలో మాట. "ఇంటి మీదకి రైడ్ వస్తుంది, ఇవన్నీ మూసెయ్" అంటున్నారు మామగారు. "మొత్తం నా రిటర్న్‌లో కలిపేస్తా, గొడవ వదిలిపోతుంది" అంటున్నారు భర్త. "అమ్మ పేరు మీదకి మార్చేయండి వదినా, పెద్దవాళ్లని ఎవరూ అడగరు" అని మరిది. "మార్కెట్‌ప్లేస్‌వి చూపిస్తే చాలు మేడం, వాట్సాప్ సంగతి ఎవరికి తెలుస్తుంది, 40 లక్షలు దాటలేదుగా" అని సెంటర్ అబ్బాయి. ఇల్లు కొనడానికి ఇద్దరి పేరునా లోన్ పెట్టాలనుకుంటున్నారు కూడా. "తప్పు చేశానన్న భయం ఒకవైపు. రాత్రిళ్లు కూర్చుని ప్యాకింగ్ చేసుకుంటూ నిలబెట్టుకున్న పని చివరికి నాది కాకుండా పోతుందేమోనన్న బాధ ఒకవైపు" అని రాశారు.

అమ్మా, ముందు ఆ మెసేజ్ సంగతి తేల్చుకుందాం, మీ నిద్ర పోగొట్టింది అదే కాబట్టి. అది నోటీసు కాదు. మీ పాన్ మీద మార్కెట్‌ప్లేస్ టీడీఎస్ (మీ డబ్బులోంచి ముందే తీసి ప్రభుత్వానికి కట్టే ఇన్‌కం ట్యాక్స్) కోసింది, జీఎస్టీ టర్నోవర్ నమోదైంది, రిటర్న్ మాత్రం లేదు. ఈ మూడూ చూసి గుర్తుచేయడానికి కంప్యూటర్ పంపే మెసేజ్ అది. నిజమైన నోటీసుకు డిన్ అనే నంబరు ఉంటుంది. ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్‌లో ఆ నంబరు కొట్టి అసలుదో నకిలీదో చూసుకోవచ్చు. మీకు వచ్చిన మెసేజ్‌లో లింక్ ఏదైనా ఉంటే నొక్కకండి. పోర్టల్‌లోకి మీరే లాగిన్ అయ్యి చూడండి. ఈ సీజన్‌లో శాఖ పేరు చెప్పి మోసం చేసేవాళ్లు కూడా మెసేజ్‌లు పంపుతుంటారు. రైడ్ అనే మాట మామయ్యగారి నోట పెద్ద భయంతో వచ్చి ఉంటుంది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఏడాదికి నాలుగైదు లక్షలు సంపాదించే గృహిణి రిటర్న్ వేయలేదని ఎవరూ ఇంటి మీద పడరు. అడిగేది కాగితాల మీదే అడుగుతారు.

రెండో సంగతి. మీ ఉత్తరం నిండా "ఎంత కట్టాలి, ఎంత కట్టాలి" అని ఉంది. కట్టడం వేరు, రిటర్న్ వేయడం వేరు. ఈ రెండూ కలిసిపోయి ఉండటం వల్లే మీ ఇంట్లో అంత టెన్షన్. 2024-25లో కొత్త పన్ను విధానంలో 3 లక్షలు దాటిన ఆదాయం ఉంటే రిటర్న్ వేయాలి. మీకు 4 లక్షల 60 వేలు ఉంది, కాబట్టి వేయాల్సిందే. కానీ 7 లక్షల వరకు ఆదాయం ఉన్నవాళ్లకు సెక్షన్ 87ఏ కింద ఇచ్చే రిబేటు, అంటే పన్ను రాయితీ వల్ల పన్ను సున్నా అవుతుంది. అంటే ఆ ఏడాదికి మీరు ప్రభుత్వానికి కట్టాల్సిన ఇన్‌కం ట్యాక్స్ ఏమీ లేదు. పైగా మీ 26ఏఎస్ ప్రింట్‌లో, అంటే మీ పాన్ మీద కోసిన పన్నుల పట్టికలో, సెక్షన్ 194ఓ కింద 11,400 రూపాయల టీడీఎస్ ఉందని రాశారు. అది మీ డబ్బు. మీరు బాకీ ఉన్నామని భయపడుతున్న చోట మీకే రావాల్సింది ఉంది.

అది చేతికి రావాలంటే తేదీ ముఖ్యం. ఇది 2025 డిసెంబరు మొదటి వారంలో రాస్తున్నాను. 2024-25కి గడువు దాటిన రిటర్న్ వేయడానికి డిసెంబరు 31 వరకే అవకాశం. మీ ఆదాయం 5 లక్షల లోపు కాబట్టి ఆలస్య రుసుము వెయ్యి రూపాయలు. పన్ను లేదు కాబట్టి దాని మీద వడ్డీ కూడా లేదు. వెయ్యి పోయినా పది వేల పైచిలుకు వెనక్కి వస్తుంది. జనవరి ఒకటో తేదీ వచ్చిందంటే ఈ దారి మూసుకుపోతుంది. ఆ తర్వాత ఐటీఆర్-యూ అనే అప్‌డేటెడ్ రిటర్న్ ఒకటి ఉంది గానీ, దానితో రీఫండ్ అడగడానికి వీల్లేదు.

ఇక లెక్క దగ్గరకు వద్దాం. ఆన్‌లైన్‌లో అమ్మే చాలామంది బ్యాంకులో పడిన డబ్బునే అమ్మకం అనుకుంటారు. మీ సెటిల్‌మెంట్ రిపోర్టులో ఒక్క ఆర్డరు తీసుకుని చూడండి. కుర్తీ 799కి అమ్మారనుకోండి. అందులో 5 శాతం జీఎస్టీ 38 రూపాయల 5 పైసలు పోతే సరుకు విలువ దాదాపు 761. దాని మీద మార్కెట్‌ప్లేస్ ఇన్‌కం ట్యాక్స్ టీడీఎస్ కింద 0.1 శాతం, అంటే 76 పైసలు కోస్తుంది. జీఎస్టీ టీసీఎస్ (మార్కెట్‌ప్లేస్ ముందే పట్టుకుని జమచేసే జీఎస్టీ) కింద 0.5 శాతం, 3 రూపాయల 80 పైసలు కోస్తుంది. ఆ పైన కమీషన్, షిప్పింగ్, వాటి మీద జీఎస్టీ. అన్నీ పోయి మీ ఖాతాలో పడేది ఐదొందల చిల్లర. మీ టర్నోవర్ ఆ ఐదొందలు కాదు. కస్టమర్‌కు అమ్మిన ధర లెక్క, వెనక్కి వచ్చిన పార్సిళ్లు తీసేశాక. కమీషన్, షిప్పింగ్ మీ ఖర్చు. మీరు రాసిన 24 లక్షలు ఏ లెక్కో ఒకసారి సరిచూసుకోండి. బ్యాంకు లెక్క అయితే అసలు అమ్మకం ఇంకా ఎక్కువ ఉంటుంది, శాఖ దగ్గరున్న అంకె అదే.

ఆ టీడీఎస్ 2024 సెప్టెంబరు 30 వరకు ఒక శాతం ఉండేది, అక్టోబరు 1 నుంచి 0.1కి తగ్గింది. అందుకే మొదటి ఏడాది తక్కువ అమ్మినా 14 వేలు పోయింది, రెండో ఏడాది ఎక్కువ అమ్మినా 11,400 దగ్గర ఆగింది. మీరు "ఏదో తేడా ఉంది" అని అనుమానపడ్డది ఇదే. తేడా ఏమీ లేదు.

మీలాంటి చిన్న వ్యాపారులకు 44ఏడీ అనే పద్ధతి ఉంది. అమ్మకం 2 కోట్ల లోపు ఉంటే, నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 3 కోట్ల వరకు కూడా, పూర్తి ఖాతా పుస్తకాలు, ఆడిట్ లేకుండా ఐటీఆర్-4 అనే రిటర్న్ ఫారంలో లాభం చూపించవచ్చు. బ్యాంకు ద్వారా, యూపీఐ ద్వారా వచ్చిన అమ్మకంలో కనీసం 6 శాతం, నగదులో 8 శాతం. మీ 38 లక్షల మీద 6 శాతం అంటే 2 లక్షల 28 వేలు. ఇక్కడ చాలామంది సలహాదారులు "6 శాతం వేసేయండి చాలు" అంటారు. నేను అలా అనను. చట్టం చెప్పింది కనీసం అంత అని, అంతకు మించి నిజంగా సంపాదిస్తే ఆ మించినదే చూపాలి. మీ నోటు పుస్తకం 4 లక్షల 60 వేలు అంటోంది. అదే చూపండి. ఎలాగూ పన్ను సున్నాయే. ఇంటి లోన్‌కు బ్యాంకు మేనేజరు చూసే అంకె కూడా అదే. 2 లక్షల 28 వేలు చూపించి, మూడు నెలల తర్వాత బ్యాంకుకెళ్లి "అసలు నాకు అంతకు రెట్టింపు వస్తుంది" అంటే ఎవరు నమ్ముతారు?

ఐటీఆర్-4లో ఇంకో నాలుగు అంకెలు అడుగుతారు, తయారుగా పెట్టుకోండి. మార్చి 31 నాటికి ఇంట్లో ఉన్న సరుకు విలువ, హోల్‌సేల్ షాపులకు ఇవ్వాల్సిన బాకీ, మీకు రావాల్సింది, చేతిలో నగదు. షాపు పేరుకు వేరే పాన్ కావాలా అని అడిగారు. అక్కర్లేదు. ఒక్కరి పేరున నడిచే వ్యాపారానికి మీ పానే పాన్.

ఇప్పుడు మీ ఆయన మాట. ఆయన మీకు అండగా ఉండాలనే అలా అన్నారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ లెక్క చూడండి. ఆయన జీతంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోతే 10 లక్షల 25 వేలు. దాని మీద మీ 4 లక్షల 60 వేలు కలిపితే, 2024-25 స్లాబుల ప్రకారం కొంత 15 శాతంలో, మిగతాది 20 శాతంలో పడుతుంది. సెస్సుతో కలిపి అదనంగా 86,580 రూపాయలు. మీ పేరున సున్నా అయ్యేది ఆయన పేరున 86 వేలు అవుతుంది. టీడీఎస్ మీ పాన్ మీద ఉంది, ఆయన దాన్ని వాడుకోలేరు. జీఎస్టీ మీ పేరున, ఆదాయం ఆయన పేరున ఉంటే ఆ పొంతన లేనితనమే కొత్త ప్రశ్నలు తెస్తుంది. ఇంకోటి, జీతం ఒక్కటే ఉన్నవాళ్లు పాత విధానమా కొత్త విధానమా అన్నది ఏటా ఎంచుకోవచ్చు. వ్యాపార ఆదాయం కలిస్తే ఆ స్వేచ్ఛ పోతుంది, పాత విధానానికి వెళ్లినవాళ్లు ఒక్కసారే వెనక్కి రాగలరు.

డబ్బు పడిన ఖాతా ఎవరిదైతే ఆదాయం వాళ్లదే అనుకోవడం పొరపాటు. సరుకు కొన్నది మీరు, అమ్మింది మీరు, నష్టమొస్తే భరించేది మీరు. ఆదాయం మీదే. భర్త ఇచ్చిన పెట్టుబడితో భార్య వ్యాపారం చేస్తే దాని వాటా లాభం భర్త ఆదాయంలో కలిపే నియమం ఒకటి ఉంది, మీ ఆయనకు ఎవరో చెప్పి ఉంటారు. అది ఊరికే ఇచ్చిన డబ్బుకు. మీది చేబదులు, తీర్చేశారు కూడా. తీర్చిన రోజు బ్యాంకు ఎంట్రీ ఉంటే ఆ పేజీ ప్రింట్ తీసి దాచండి.

అత్తయ్యగారి పేరు మీదకు మార్చే ఆలోచన వదిలేయండి. వ్యాపారం చేయని మనిషి పేరున జీఎస్టీ, బ్యాంకు ఖాతా తెరిచి నడపడం అంటే ఆ పెద్దావిడను ఆవిడకు తెలియని బాధ్యతలో ఇరికించడమే. పెద్దవాళ్లని ఎవరూ అడగరన్నది నిజం కాదు.

సెంటర్ అబ్బాయి సలహా దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగాలి. మీరంతా ఇన్‌కం ట్యాక్స్ గురించి భయపడుతున్నారు. మీ ఉత్తరం చదివాక నాకు దిగులు కలిగించింది జీఎస్టీ. 40 లక్షల పరిమితి అనేది నంబరు తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్నకు. తీసుకున్నాక ఆ పాన్ మీద జరిగే ప్రతి అమ్మకమూ, మార్కెట్‌ప్లేస్ అయినా వాట్సాప్ అయినా, రిటర్న్‌లో చూపాల్సిందే. అసలు ఆ 40 లక్షల పరిమితి రాష్ట్రం లోపల అమ్మేవాళ్లకు. మీ వాట్సాప్ కస్టమర్లలో సగం మంది హైదరాబాద్‌లో ఉన్నారని మీరే రాశారు. మనకు అలవాటైన ఊరే గానీ, 2014 నుంచి అది వేరే రాష్ట్రం. కూకట్‌పల్లికి పార్సిల్ పంపితే జీఎస్టీ దృష్టిలో అది ముంబైకి పంపినట్టే.

వాట్సాప్‌లో 8 లక్షలు, 14 లక్షలు కలిపి 22 లక్షలు. జీఎస్టీ ధరలోనే కలిసి ఉందనుకుంటే 5 శాతం లెక్కన సుమారు లక్షా 5 వేల రూపాయల పన్ను చూపకుండా ఉండిపోయింది. దాని మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. ఇది చదివి గుండె జారనివ్వకండి, ముందు రెండు విషయాలు చూడండి. వస్త్రలతలో జీఎస్టీ బిల్లుతో కొన్న సరుకు మీద క్రెడిట్, అంటే కొన్నప్పుడు మీరు కట్టిన జీఎస్టీ, పోర్టల్‌లోని మీ లెడ్జరులో (ఖాతాలో) మిగిలి ఉందేమో చూడండి, ఉంటే పన్నులో కొంత దాంతో సర్దుకోవచ్చు. వడ్డీ మాత్రం అక్కడే ఉండే నగదు లెడ్జరు నుంచే కట్టాలి. మార్కెట్‌ప్లేస్ కోసిన టీసీఎస్ మీరు పోర్టల్‌లో అంగీకరిస్తేనే ఆ నగదు లెడ్జరులోకి చేరుతుంది. సెంటర్ అబ్బాయి ఆ పని ప్రతి నెలా చేశాడా అని అడగండి. చాలామందికి ఏళ్ల తరబడి అది అలాగే పడి ఉంటుంది. బిల్లు లేకుండా కొన్న సరుకు ఎంతో, అది కూడా దాచకుండా లెక్క వేసుకోండి, దాని మీద క్రెడిట్ రాదు.

ఇప్పుడు మీ ముందున్నవి రెండు దారులు. ఒకటి, సెంటర్ అబ్బాయి చెప్పినట్టు ఐటీఆర్‌లో కూడా 24 లక్షలే చూపడం. అలా చేస్తే ఇన్‌కం ట్యాక్స్‌లో మీకు కలిసొచ్చేది ఒక్క రూపాయి కూడా లేదు, ఎందుకంటే 38 చూపినా పన్ను సున్నాయే. పోయేది మాత్రం చాలా. మీ ఆయన ఖాతాలో పడిన 14 లక్షలకు కాగితం మీద ఆధారం లేకుండా పోతుంది. రేపు ఎవరైనా అడిగి, ఆయన చెప్పలేకపోతే, వివరణ లేని డబ్బు కింద 60 శాతం పన్ను, సర్‌ఛార్జి, సెస్సుతో 78 శాతం దాకా వెళ్తుంది. ఎవరికి తెలుస్తుంది అన్న ధైర్యం కూడా ఇప్పుడు నిలవదు. ఈ జులైలోనే బెంగళూరులో చిన్న దుకాణదారులకు యూపీఐ వసూళ్ల లెక్క చూసి కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ నోటీసులు పంపింది. ఆ వార్తలు మీరూ చూసే ఉంటారు.

రెండో దారి, 38 లక్షలూ చూపి రిటర్న్ వేయడం. ఐటీఆర్-4లో జీఎస్టీ నంబరు, జీఎస్టీలో చూపిన అమ్మకం రాసే గడి ఒకటి ఉంది. అక్కడ 24, ఇక్కడ 38 పక్కపక్కన కనిపిస్తాయి. కాబట్టి ఈ దారి పట్టేవాళ్లు జీఎస్టీ కూడా వెంటనే సరిచేసుకోవాలి. 2024-25 తప్పులను నెలవారీ రిటర్న్‌లలోనే దిద్దుకునే గడువు నవంబరు 30తో అయిపోయింది. ఇక డీఆర్‌సీ-03 అనే ఫారం ద్వారా మీరే స్వచ్ఛందంగా పన్ను, వడ్డీ కట్టాలి. నోటీసు రాకముందు తనంత తానుగా కట్టినవాళ్ల విషయంలో పెనాల్టీ దగ్గర చట్టం చాలా మెత్తగా ఉంటుంది, నోటీసు వచ్చాక ఆ మెత్తదనం ఉండదు. ఇది ఖర్చుతో కూడుకున్న దారి. డబ్బు ఒక్కసారిగా సర్దలేకపోతే ముందు ఒక ఏడాదిది, తర్వాత రెండోది కట్టుకోవచ్చు, ఈలోగా వడ్డీ నడుస్తుంది. ఆ జీఎస్టీ పోతే మీ అసలు లాభం కూడా తగ్గుతుంది, 2024-25కి 3 లక్షల 90 వేల దగ్గరకు రావచ్చు. అయినా 3 లక్షలు దాటుతుంది కాబట్టి రిటర్న్ బాధ్యత పోదు. ఏ అంకె వేయాలన్నది బిల్లులన్నీ ముందు పెట్టి ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌తో తేల్చుకోండి. ఈ ఒక్క పనికి ఆన్‌లైన్ సెంటర్ చాలదు. గుంటూరులోనో విజయవాడలోనో ఈ-కామర్స్ అమ్మకందారుల పని చేసే సీఏ దగ్గరకు వెళ్లండి, ఫీజుకు వెనకాడకండి. నిర్ణయం మీది. నా మనసు మాత్రం పూర్తిగా రెండో దారి వైపే ఉంది.

2023-24 సంగతి చిన్నది. లాభం 2 లక్షల 40 వేలు, అప్పటి 3 లక్షల పరిమితి లోపే, టీడీఎస్ కూడా 25 వేల లోపే. మీరు రాసిన ఈ అంకెల ప్రకారం ఆ ఏడాది ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్ వేయకపోవడం తప్పు కాదు. దాని గురించి కుమిలిపోకండి. పోయింది ఆ 14 వేల టీడీఎస్. దాన్ని రాబట్టడానికి ఆలస్యాన్ని మన్నించమని శాఖకు దరఖాస్తు పెట్టుకునే వీలుంది, సెక్షన్ 119 కింద. అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) ముగిసిన ఐదేళ్ల లోపు, అంటే మీ విషయంలో 2030 మార్చి 31 లోపు. ఆలస్యానికి కారణం వాళ్లకు నచ్చజెప్పాలి, ఇస్తారన్న హామీ లేదు, ఇచ్చినా వడ్డీ రాదు. డిసెంబరు పని అయ్యాక తీరిగ్గా ఆలోచించండి.

ఈ ఏడాది, 2025-26, 55 లక్షలు దాటవచ్చన్నారు. మంచిది. ఈ ఏడాదికి కొత్త విధానంలో 4 లక్షలు దాటితే రిటర్న్ వేయాలి, 12 లక్షల వరకు రిబేటు వల్ల పన్ను ఉండదు. అమ్మకం 60 లక్షలు దాటితే లాభంతో పనిలేకుండా రిటర్న్ తప్పనిసరి. వ్యాపారం పెరిగి, టీడీఎస్ పోను కట్టాల్సిన పన్ను ఏడాదికి 10 వేలు దాటే రోజు వస్తే అడ్వాన్స్ ట్యాక్స్ కట్టాలి. 44ఏడీ వాళ్లకు అందులో ఒక వెసులుబాటు, నాలుగు వాయిదాలు లేవు, మార్చి 15 లోపు ఒక్కసారి కడితే చాలు. ఈ పద్ధతిలోకి వచ్చాక ఐదేళ్లలోపు ఏదో ఒక ఏడాది 6 శాతం కన్నా తక్కువ లాభం చూపి బయటికి వెళ్తే, తర్వాతి ఐదేళ్లు మళ్లీ ఇందులోకి రానివ్వరు. ఏదైనా పండగ సీజన్‌లో సరుకు మిగిలిపోయి నష్టమొచ్చినప్పుడు ఈ మాట గుర్తుంచుకుని నిర్ణయం తీసుకోండి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వస్తోంది. సెక్షన్ల నంబర్లు మారతాయి, 44ఏడీలోని ఈ అంచనా లాభం పద్ధతి ఉంటుంది. ఇప్పుడు మీరు వేసే రిటర్న్ 1961 చట్టం కిందే.

వాట్సాప్ గ్రూపుల్లో పెట్టిన క్యూఆర్ కోడ్ ఈ వారమే మీ ఖాతాదిగా మార్చేయండి. ఆధార్, పాన్‌తో ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) ఉచితంగా దొరుకుతుంది. అదీ జీఎస్టీ సర్టిఫికెట్టూ చూపిస్తే షాపు పేరున కరెంట్ అకౌంట్ తెరవడం తేలిక. ఇక మీదట వాట్సాప్ అమ్మకాలకూ వరుస నంబర్లతో బిల్లు రాయండి. పాత లెక్క కోసం మీ ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి, ఇద్దరూ కూర్చుని, కుర్తీల డబ్బు పడిన ప్రతి వరుస పక్కన టిక్ పెట్టండి. కస్టమర్ పేరు, పార్సిల్ నంబరు గుర్తున్నచోట రాయండి. ఆ కాగితాలే రేపు ఆయనకూ రక్ష.

ఆ స్టేట్‌మెంట్ ముందు కూర్చున్నప్పుడే ఆయనకు 86,580, సున్నా అనే రెండు అంకెలు చూపించండి. వాదన అక్కర్లేదు. ఆయన భయం తన ఖాతా గురించి అయితే, తన రిటర్న్‌లో మార్చాల్సింది ఏమీ లేదని, మీ రిటర్న్‌లో 38 లక్షలూ కనిపించడమే తనకు మంచిదని చెప్పండి. మామయ్యగారి విషయంలో నాకు తోచింది ఒకటే. రిటర్న్ వేశాక వచ్చే అక్నాలెడ్జ్‌మెంట్ కాగితం తెలుగులో చదివి వినిపించండి. ప్రభుత్వం దగ్గర కోడలి పేరున లెక్క సక్రమంగా ఉందన్న ఒక్క కాగితం, వంద మాటలకన్నా ఎక్కువగా ఆయన్ని స్థిమితపరుస్తుంది. వ్యాపారం మూసేయాల్సిన అవసరం ఎంతమాత్రం లేదు. మీ బాధ నాకు అర్థమైంది. మీ పని మీ పేరునే ఉండాలి, చట్టం కూడా అదే కోరుతోంది.

రిటర్న్ వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయడం మరిచిపోకండి, అది చేయకపోతే వేసినట్టే కాదు. రీఫండ్ పడాల్సిన మీ ఖాతాను పోర్టల్‌లో ముందే వాలిడేట్ చేసుకోండి.

ఇంటి లోన్ గురించి. బ్యాంకులు మామూలుగా రెండు మూడేళ్ల రిటర్న్‌లు అడుగుతాయి. ఈ డిసెంబరులో ఒకటి వేస్తే, వచ్చే ఏడాది 2025-26ది గడువులో వేస్తే, 2026 రెండో సగానికి మీ చేతిలో రెండు ఉంటాయి. తొందర ఉంటే మీ ఆయన జీతం మీద లోన్ తీసుకుని మిమ్మల్ని సహ దరఖాస్తుదారుగా పెట్టుకోవచ్చు, అప్పుడు అర్హత ఆయన జీతం వరకే చూస్తారు, ఇల్లు చిన్నదవుతుంది. ఆగగలిగితే ఇద్దరి ఆదాయమూ లెక్కలోకి వస్తుంది, కానీ ఈలోగా ఇంటి ధర పెరగవచ్చు. జీఎస్టీ బాకీ తీర్చడానికి ఎంత కావాలో తేలాకే అడ్వాన్స్ ఇవ్వండి. ఆ లెక్క తేలకుండా చేతిలో ఉన్నదంతా బిల్డర్‌కు కట్టేయవద్దు.